సరస్వతి ఆకు, బ్రాహ్మి: జ్ఞాపకశక్తి మూలికల చరిత్ర

పిల్లవానికి చదువు ఒంటబట్టడానికి ఏ ఆకు పెట్టాలి అని మన ప్రాంతంలో అడిగితే సరస్వతి ఆకు అనే సమాధానం వస్తుంది. ఇదే ప్రశ్నను కేరళలోనో, వంగదేశంలోనో అడిగితే బ్రాహ్మి అంటారు. ఉత్తర భారతదేశంలో ఎన్నో చోట్ల మూలికల అంగడికి పోయి బ్రాహ్మి కావాలంటే, అంగడివాడు పొట్లం కట్టి ఇచ్చేది మన సరస్వతి ఆకే. పేరు ఒకటి, మొక్కలు రెండు. ఈ రెండింటికి తోడు శంఖపుష్పి, వస, తిప్పతీగ కూడ బుద్ధిని పెంచే మూలికలుగా పేరు పొందినవి. చైనా, జపానుల నుండి జర్మనీ మీదుగా జింగో అనే మరొకటి వచ్చి వీటి సరసన చేరినది. వీటిలో ఏది మెరుగు? మందుల దుకాణంలో వరుసగా పేర్చిన సీసాల యెదుట నిలిచినవారికి కలిగే సందేహమిది. దీనికి సమాధానం చెప్పడానికి ముందు ఏ మొక్కను, ఎవరికి, ఏ కొలతతో, ఎంతకాలం ఇచ్చి పరీక్షించినారో తెలియాలి. మూలికలను పోల్చడంలో వచ్చిన చిక్కులన్నీ ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతున్నవి.

మొదట మొక్కలను చూతము. సరస్వతి ఆకు తేమ నేలల మీద, కాలువ గట్ల వెంట నేలబారుగా పాకుతుంది. కణుపు కణుపుకు వేళ్లు దిగుతవి. పొడవైన కాడ చివర గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచులకు నొక్కులతో ఆకు ఉంటుంది. సంస్కృతంలో దీనిని మండూకపర్ణి అన్నారు; మండూకం అనగా కప్ప. ఇది మన కొత్తిమీర కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. బ్రాహ్మి అట్లు కాదు. ఇది బురద నేలలలోను, నీటి అంచులలోను పెరుగుతుంది. ఆకులు చిన్నవి, దళసరి, కాడలు లేక కొమ్మకు ఇరువైపుల ఎదురెదురుగా అంటుకొని ఉంటవి. పువ్వు తెల్లగా గాని లేత నీలంగా గాని ఉంటుంది. నోట వేసుకుంటే చేదు. దీని శాస్త్రీయ నామం బాకోపా మొన్నియేరి. నేటి వర్గీకరణ ప్రకారం ఇసబ్‌గోలు కుటుంబంలోనిది. ఒకదానిని చూచి మరొకటి అని భ్రమపడడానికి చూపులో ఏ పోలికా లేదు. భ్రమ వచ్చినది కంటి వలన కాదు, పుస్తకాల వలన.

చరక సంహిత చికిత్సాస్థానంలో రసాయనాధ్యాయమున్నది. దానిలో మేధను పెంచే రసాయనాలుగా నాలుగింటిని చెప్పినారు: మండూకపర్ణి రసము, పాలతో యష్టిమధుక చూర్ణము, తిప్పతీగ రసము, వేరుతోను పువ్వుతోను నూరిన శంఖపుష్పి ముద్ద. నాలుగింటిలో శంఖపుష్పికి ప్రత్యేక స్థానమిచ్చినారు. ఈ జాబితాలో బ్రాహ్మి లేకపోవడం గమనింపదగినది. బ్రాహ్మి అదే గ్రంథంలో మరొకచోట, అపస్మార చికిత్సలో, పాత నేతితో కాచిన బ్రాహ్మీఘృతంగా కనబడుతుంది. సుశ్రుత సంహితలో మేధకు, ఆయువుకు సంబంధించిన అధ్యాయంలో మండూకపర్ణికి ఒక విధానం, బ్రాహ్మికి వేరొక విధానం, వసకు మరొకటి చెప్పబడినవి. కాబట్టి ఆ కాలపు వైద్యులకు ఇవి వేరు వేరు మొక్కలే. అయితే 16వ శతాబ్దంలో భావమిశ్రుడు రచించిన భావప్రకాశంలో బ్రాహ్మిని, మండూకపర్ణిని ఒకచోట చేర్చి, గుణాలు సమానమని చెప్పినారు. గుణం ఒకటే అయినప్పుడు ఏది దొరికితే అది వాడవచ్చును గదా! గంగా మైదానంలో సులభంగా దొరికినది మండూకపర్ణి; దానికే బ్రాహ్మి అనే పేరు స్థిరపడినది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసియున్నది. పాత గ్రంథాలలోని మేధ అనే మాటకు నేడు మనం వాడే జ్ఞాపకశక్తి అనే మాట సరిగా అతకదు. విన్నదానిని గ్రహించడం, గ్రహించినదానిని నిలుపుకోవడం, వలసినప్పుడు పైకి తీయడం, ఇవన్నీ మేధలోనివే. ధీ, ధృతి, స్మృతి అని వారు విడదీసి చెప్పినారు. అవధానం చూచిన తెలుగువారికి ఈ భేదం విప్పి చెప్పనక్కరలేదు. పద్యం అల్లడం వేరు, అల్లిన పాదాలను చివరిదాక ధారణలో ఉంచుకొని వరుసగా అప్పజెప్పడం వేరు. తరువాతి ప్రయోగాలలో ఈ విభజన మళ్లీ ముందుకు వస్తుంది.

యూరపువారు ఈ మొక్కలను ఎట్లు చూచినారో చెప్పుకుందాము. కొచ్చిలో డచ్చివారి అధికారిగా ఉన్న వాన్ రీడ్, మలబారు మొక్కలను గురించి హోర్టస్ మలబారికస్ అనే మహాగ్రంథాన్ని 12 సంపుటాలుగా 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాంలో అచ్చువేయించినాడు. ఇట్టి అచ్యుతన్ అనే మలయాళ వైద్యుడు అతనికి మొక్కల గుణాలను చెప్పినవారిలో ముఖ్యుడు. దాని పదవ సంపుటంలో కొడగం అనే పేరుతో మన సరస్వతి ఆకు, బేమి అనే పేరుతో బ్రాహ్మి వేర్వేరు పటాలతో ఉన్నవి. బేమి అనునది బ్రాహ్మి అనే మాటకు డచ్చివారి చెవికి వినబడిన రూపమని తోస్తుంది. లిన్నేయసు 1753లో సరస్వతి ఆకుకు హైడ్రోకోటైల్ ఏషియాటికా అని పేరు పెట్టినాడు. 1879లో అర్బన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దానిని సెంటెల్లా ప్రజాతిలోనికి మార్చినాడు. బ్రాహ్మికి గల మొన్నియేరి అనే నామం లె మొన్నియే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పేరున వచ్చినది. పాత పుస్తకాలలో హెర్పెస్టిస్ మొన్నియేరా అని కనబడేది కూడ ఇదే మొక్క. అంటే వృక్షశాస్త్రానికి 18వ శతాబ్దంలోనే ఈ రెండింటి విషయంలో సందేహం తీరినది. అంగడికి మాత్రం తీరలేదు.

శంఖపుష్పి సంగతి ఇంకను చిక్కు. పువ్వు శంఖం వలె ఉండాలని మాత్రమే పేరు చెబుతున్నది. ఆ పోలిక ఎన్నింటికో కుదురుతుంది. ఉత్తరాదిన కన్వాల్వులస్ జాతి పాకుడు మొక్కను శంఖపుష్పి అంటారు. మన విష్ణుక్రాంతమును కొందరు, దక్షిణాన కంచెల మీద పాకే నీలి శంఖుపూల దింటెన తీగను కొందరు, వంగదేశంలో కాన్‌స్కోరా అనే మొక్కను మరికొందరు శంఖపుష్పిగా వాడుతూ వచ్చినారు. నాలుగు మొక్కలు, మూడు కుటుంబాలకు చెందినవి! శంఖపుష్పి పని చేస్తుందా అని అడిగినవారిని ఏ శంఖపుష్పి అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

వస విషయంలో పేరుకు సంబంధించిన గొడవ లేదు. మాటలు రావడానికి పసిబిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయడం మన ఇండ్లలో పాత అలవాటు; ఎడతెగక మాట్లాడేవారిని వసపిట్ట అంటాము. అయితే ఆ కొమ్ములోని నూనెలో బీటా ఆసరోన్ అనే పదార్థమున్నది. దీనిని ఎలుకలకు చాలకాలం తినిపించగా పేగులలో కంతులు పుట్టినవి. అందుచేత 1968లో అమెరికా ప్రభుత్వం వసను, దాని నూనెను ఆహార పదార్థాలలో కలుపరాదని నిషేధించినది. మన దేశంలో పెరిగే రకాలలో ఈ పదార్థం హెచ్చు పాళ్లలో ఉంటుంది. బిడ్డ నాలుకకు ఈ కొమ్మును రాయకుండుటయే మంచిదని నా అభిప్రాయం. మాటలు ఆలస్యమైతే వైద్యునికి చూపి మొదట వినికిడిని పరీక్ష చేయించాలి.

రసాయన శాస్త్రం ఈ మూలికలలో ప్రవేశించిన తీరు కూడ వింతగా ఉన్నది. సరస్వతి ఆకు 19వ శతాబ్దంలో పాశ్చాత్యుల దృష్టికి వచ్చినది బుద్ధికి మందుగా కాదు, కుష్ఠురోగానికి మందుగా. 1850ల నాడు మారిషస్ దీవిలో బోయిలో అనే వైద్యుడు దానిని ఆ రోగానికి ప్రయోగించినాడు. 1868లో వేరింగ్ సంపాదకత్వాన వెలువడిన ఇండియా ఫార్మకోపియాలో దానికి చోటు దొరికినది. 1941లో బాంతెంస్ అనే పరిశోధకుడు దాని నుండి ఏషియాటికోసైడ్ అనే పదార్థాన్ని వేరుచేసినాడు. గాయాలు మానడానికి పూసే మందులలో ఇది నేటికీ వాడుకలో ఉన్నది. బ్రాహ్మి కథ కలకత్తాలో మొదలైనది. 1931లో బోసు ఇంటిపేరు గల ఇద్దరు పరిశోధకులు దాని నుండి ఒక ఆల్కలాయిడును తీసి బ్రాహ్మిన్ అని పేరు పెట్టినారు. తరువాతివారి దృష్టి ఆల్కలాయిడుల నుండి సాపోనిన్‌ల మీదికి మళ్లినది. కుంకుడుకాయ నురుగుకు కారణమైన పదార్థాల జాతే ఇది.

లక్నోలో ఛత్తర్ మంజిల్ భవనంలో 1951లో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ప్రారంభమైనది. అక్కడ చటర్జీ, రస్తోగి, ధర్ అనే శాస్త్రజ్ఞులు 1960ల మొదట బాకోసైడ్ ఏ అనే సాపోనిన్‌ను వేరుచేసినారు. నవాబుల పాత మహలులో రసాయనికులు చేదు ఆకును కాచి వడగట్టిన ఆ పని ఈ చరిత్రలో మలుపు. అప్పటికి అది ఒకే పదార్థమనుకొన్నారు. అది నాలుగు సాపోనిన్‌ల మిశ్రమమని 2005 నాటి విశ్లేషణలు తేల్చినవి. అదే సంస్థలో సింగ్, ధావన్ అనే శాస్త్రజ్ఞులు 1982లో ఎలుకల మీద ప్రయోగాలను ప్రకటించినారు. వెలుతురుకు, చీకటికి భేదం గుర్తించిన ఎలుక విద్యుదాఘాతం నుండి తప్పించుకొనగలుగుతుంది. బ్రాహ్మి సారం పుచ్చుకొన్న ఎలుకలు ఈ పాఠాన్ని త్వరగా నేర్చినవి, నేర్చినదానిని ఎక్కువకాలం నిలుపుకొన్నవి. ఈ పరిశోధన ఆధారంగా 1990ల మధ్యకాలంలో మెమరీ ప్లస్ అనే పేరుతో గుళికలు బజారుకు వచ్చినవి. చదరంగపు క్రీడాకారుడు విశ్వనాథన్ ఆనంద్ వాటి ప్రకటనలలో కనబడినాడు. ప్రకటనలు చూచి పిల్లలకు కొన్న తల్లిదండ్రులు అది ఎలుకల మీద ఎట్లు, మనుష్యుల మీద ఎట్లు పనిచేసినదని వేరుచేసి అడిగియుండరు.

ఎలుకకు పెట్టిన పరీక్ష మనుష్యునికి చాలదు. జ్ఞాపకశక్తిని కొలవవచ్చునని మొదట నిరూపించినవాడు ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు. అర్థం లేని అక్షర గుచ్ఛాలను తానే వల్లెవేసి, ఎంత కాలానికి ఎంత మరచినాడో లెక్కకట్టి 1885లో ఆ ఫలితాలను ప్రకటించినాడు. మరపు మొదట వేగంగాను, పిమ్మట మెల్లగాను జరుగుతుందని ఆ లెక్కలో తేలినది. స్విట్జర్లాండులో ఆంద్రే రే అనే శాస్త్రజ్ఞుడు దీనిని ఇంకను సులభం చేసినాడు. 15 మాటలను అయిదు పర్యాయాలు చదివి వినిపించి, ప్రతిసారి ఎన్ని చెప్పగలరో చూస్తారు. నడుమ వేరే మాటల పట్టిక చదువుతారు. పిమ్మట మొదటి పట్టికను తిరిగి అడుగుతారు. ఈ పరీక్షలో ఒక గుప్తమైన చిక్కున్నది. రెండవసారి పరీక్షకు వచ్చినవారికి, ఏ మందు లేకపోయినా, అలవాటు చేత మార్కులు పెరుగుతవి. మందు పుచ్చుకొన్నామనే నమ్మకం కూడ కొంత పెంచుతుంది. అందువలన సగంమందికి మందును, తక్కిన సగంమందికి చూపుకు అట్లే ఉండే ఉత్త గుళికను ఇవ్వాలి. ఎవరికి ఏది ఇచ్చినారో ఇచ్చేవారికి గాని పుచ్చుకొనేవారికి గాని తెలియరాదు.

ఈ పద్ధతిలో బ్రాహ్మి మీద జరిగిన ముఖ్య పరీక్షలు ఆస్ట్రేలియాలో జరిగినవి. 2001లో స్టఫ్, అతని తోటివారు 46మంది ఆరోగ్యవంతులకు రోజుకు 300 మిల్లిగ్రాముల సారం చొప్పున 12 వారాలు ఇచ్చినారు. నేర్చే వేగంలోను, నేర్చినది నిలవడంలోను మెరుగు కనబడినది; ఆ మెరుగు హెచ్చుగా కనబడినది 12 వారాల చివరనే. 2002లో రూడెన్‌రిస్ ప్రభృతులు 40 నుండి 65 సంవత్సరాల వయస్సుగల 76మందిని మూడు నెలలు పరీక్షించినారు. కొత్త విషయం నేర్చే వేగం మారలేదు గాని, నేర్చినదానిని మరచిపోవడం తగ్గినది. పూర్వులు ధీ, స్మృతి అని వేరుచేసినది ఇక్కడ జ్ఞాపకం వస్తుంది. అయితే ఒక పరీక్షలో నేర్చే వేగం పెరిగి, రెండవదానిలో పెరుగకపోవడాన్ని దాటవేయరాదు. 2008లో అమెరికాలో 65 సంవత్సరాలు దాటిన 54మంది మీద జరిగిన పరీక్షలో కొంత కాలం గడిచిన పిమ్మట మాటలను గుర్తుచేసుకోవడం మెరుగుపడినది. కొందరికి మలవిసర్జన ఎక్కువై, కడుపులో వికారం కలిగినది. 2001లోనే మరొక బృందం 38మందికి ఒకే మోతాదు ఇచ్చి, రెండు గంటల తరువాత పరీక్షించగా ఏ మార్పు కనబడలేదు. పరీక్ష ముందు రాత్రి బ్రాహ్మి గుళిక మింగే విద్యార్థికి ఈ వార్త ఉపయోగపడవచ్చును. 2014లో తొమ్మిది పరీక్షలను, మొత్తం 518మందిని, కలిపి లెక్కించినవారు ప్రధానంగా ఆలోచన వేగంలో మెరుగు కలదన్నారు. అయితే పెద్ద పరీక్షలు జరుగవలసియున్నవని కూడ అన్నారు.

సరస్వతి ఆకు విషయంలో ఆధారాలు ఇంతకంటె బలహీనం. 1973లో అప్పారావు, తోటి పరిశోధకులు బుద్ధివికాసంలో వెనుకబడిన 30మంది పిల్లలకు మండూకపర్ణి ఇచ్చి, సామాన్య మేధాశక్తి పెరిగినట్లు తెలిపినారు. 2008లో థాయిలాండులో 28మంది వృద్ధులకు రెండు నెలలు ఇవ్వగా హెచ్చు మోతాదు పుచ్చుకొన్నవారిలో కొంత మెరుగు కనబడినది. కాని 2017లో ఇటువంటి పరీక్షలన్నింటిని కలిపి పరిశీలించినవారు జ్ఞాపకశక్తి మీద దీని ప్రభావానికి గట్టి ఆధారం లేదని తేల్చినారు. మనస్సు చురుకుగా ఉండడంలో కొంత ఫలముండవచ్చునన్నారు. ఆకుకూరగా పచ్చడి చేసుకొని తినేవారికి దీనితో నష్టమేమీ లేదు. సారం తీసిన గుళికలను నెలల తరబడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు మాత్రం, అరుదుగా, నమోదైనవి.

ఇక జింగో. 1690ల మొదట జపానులో ఉన్న కెంఫర్ అనే జర్మను వైద్యుడు ఈ చెట్టును చూచి 1712లో దానిని వర్ణించినాడు. డైనోసార్ల కాలం నుండి వస్తున్న వంశంలో మిగిలినది ఈ ఒక్క జాతే. చైనా వైద్యంలో దీని గింజకే ప్రాధాన్యం. ఆకు నుండి గాఢమైన సారం తీసి మందుగా అమ్మినది జర్మనీలోని ష్వాబే సంస్థ, 1965లో. కనుక ఇది ప్రాచీన ఔషధమని ప్రచారం చేయడం సగం సత్యం. 1997లో 309మంది రోగుల మీద జరిగిన ఒక పరీక్షలో స్వల్ప ఫలితం కనబడగా అమెరికాలో దీని అమ్మకాలు విపరీతంగా పెరిగినవి. అప్పుడు అమెరికా ప్రభుత్వ సహాయంతో పెద్ద పరీక్ష మొదలుపెట్టినారు. 75 సంవత్సరాలు, అంతకు పైబడిన 3,069మందిని తీసుకొని, సగంమందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లిగ్రాముల సారం, తక్కినవారికి ఉత్త గుళిక ఇస్తూ సుమారు ఆరు సంవత్సరాలు కనిపెట్టినారు. 2008లో ఫలితం వెలువడినది. మతి క్షీణించే వ్యాధి జింగో పుచ్చుకొన్నవారిలో 277మందికి, ఉత్త గుళిక పుచ్చుకొన్నవారిలో 246మందికి వచ్చినది. జింగో ఏ విధమైన రక్షణా ఇవ్వలేదు. ఫ్రాన్సులో 2,854మంది మీద అయిదు సంవత్సరాలు జరిగిన పరీక్ష కూడ 2012లో ఇట్లే చెప్పినది.

బ్రాహ్మి గెలిచినది, జింగో ఓడినది అని ఇప్పుడు తీర్పు చెప్పబోయేవారు ఒక్క క్షణం ఆగాలి. జింగోను వేలమంది వృద్ధుల మీద సంవత్సరాల తరబడి, వ్యాధిని నివారిస్తుందా అనే కఠినమైన ప్రశ్నతో పరీక్షించినారు. బ్రాహ్మిని పదుల సంఖ్యలో మనుష్యుల మీద, మూడు నెలలు, మాటల పట్టికలు గుర్తుంటవా అనే ప్రశ్నతో పరీక్షించినారు. చిన్న పరీక్షలలో జింగో కూడ ఒకప్పుడు నెగ్గినదే. కావున నేటి లెక్కలు రెండు మొక్కలను పోల్చడం లేదు. రెండు రకాల పరీక్షలను పక్కపక్కన పెడుతున్నవి. ఒక మొక్క నిజంగా మందుగా మారిన ఉదాహరణ మరొకటి కలదు. మంచు కరిగే వేళ పూచే స్నోడ్రాప్ అనే మొక్కల నుండి గాలంటమిన్ అనే ఆల్కలాయిడును 1950లలో సోవియట్ రష్యాలోను, బల్గేరియాలోను పరిశోధించినారు. మెదడులో అసిటైల్‌కోలిన్ అనే పదార్థం త్వరగా విరిగిపోకుండ ఇది అడ్డుపడుతుంది. 2001లో అమెరికాలో ఇది ఆల్జీమర్ వ్యాధికి మందుగా అంగీకారం పొందినది. వ్యాధిని నయం చేయదు. కొంతకాలం లక్షణాలను తగ్గిస్తుంది. జ్ఞాపకశక్తికి మందుగా దానికి బ్రాహ్మికి ఉన్నంత ప్రాచీన కీర్తి లేదు.

ఈ తేడాలు తెలియకపోవడం వలన కలిగే నష్టం డబ్బుతో పోయేది కాదు. మరపు మొదలైన పెద్దవారికి థైరాయిడు లోపం ఉండవచ్చును, బి12 విటమిను తక్కువ కావచ్చును, మనోవ్యాధి ఉండవచ్చును. ఇవన్నీ రక్తపరీక్షతోను, వైద్యుని పరిశీలనతోను బయటపడి చికిత్సకు లొంగేవి. సంవత్సరం పాటు గుళికలతో సరిపెట్టుకొంటే ఆ అవకాశం చేజారుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి జింగో వలన రక్తస్రావపు భయం కూడ ఉన్నది. సీసాలో ఏమున్నదనేది మరొక ప్రశ్న. 2004లో అమెరికాలోని బోస్టను నగరపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా 14 ఔషధాలలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ లోహాలలో ఏదో ఒకటి గాని అంతకంటె ఎక్కువ గాని కనబడినవి.

భారత ప్రభుత్వపు ఆయుర్వేద ఫార్మకోపియా ఇప్పుడు బ్రాహ్మి అనగా బాకోపా అనీ, మండూకపర్ణి అనగా సెంటెల్లా అనీ, శంఖపుష్పి అనగా కన్వాల్వులస్ అనీ నిర్ణయించినది. సీసా మీద శాస్త్రీయ నామం, సాపోనిన్‌ల పాలు చూచి కొనేవారికి ఇది కొంత ఆధారం. పొట్లం కట్టించుకొని వచ్చేవారు ఆకును నీటిలో నానబెట్టి విప్పి చూడవచ్చును: గుండ్రంగా, పొడవైన కాడతో ఉంటే సరస్వతి ఆకు, చిన్నదిగా, దళసరిగా, కాడ లేక ఉంటే బ్రాహ్మి. జింగోకు జరిగినంత పెద్ద పరీక్ష బ్రాహ్మికి ఇంతవరకు జరుగలేదు. జరిగిన రోజున వేలమందికి ఏళ్ల తరబడి ఇచ్చే ప్రతి గుళికలోను ఒకే మొక్క, ఒకే పాళ్ల సాపోనిన్‌లతో ఉండేటట్లు చూడడం దాని మొదటి పని అవుతుంది.